రోజూ డైరీ రాస్తున్నా, నా సంగతి నాకు ఇంకా అయోమయంగానే ఉంది. ఎలా తెలుసుకోవాలి?

మెట్టుగూడ_లెక్కలటీచర్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

నేను నాగోల్ వైపు ఒక ప్రైవేట్ స్కూల్లో హైస్కూల్ పిల్లలకి లెక్కలు చెబుతాను. ఈ జూన్‌లో నన్ను కోఆర్డినేటర్‌ని చేశారు. జీతం కొంచెం పెరిగింది, పని చాలా పెరిగింది. నా క్లాసులు సగానికి తగ్గించి, మిగతా టైమ్‌లో వేరే టీచర్ల క్లాసుల్లో వెనక కూర్చుని చూడటం, కరెక్షన్లు సరిగ్గా జరిగాయో లేదో చెక్ చేయడం, ఎవరైనా సెలవు పెడితే ఆ పీరియడ్ ఎవరి నెత్తిన వేయాలో ఆలోచించడం, పేరెంట్స్ మీటింగ్‌లో అందరి తరఫునా తిట్లు తినడం. ఇదీ ఉద్యోగం.

దసరా సెలవుల ముందు ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి, "మీ పని మీద కంప్లైంట్ ఏమీ లేదమ్మా. కానీ మిమ్మల్ని మీరు కొంచెం అబ్జర్వ్ చేసుకోవాలి" అన్నారు. ఏ విషయంలో మేడమ్ అని అడిగితే, "మీకే తెలుస్తుందిలే" అని నవ్వి ఫైల్ మూసేశారు.

అప్పటి నుంచి నాకు అదే పని. కోఠీలో ఒక లావుపాటి డైరీ కొన్నాను. మెట్రోలో మెట్టుగూడ నుంచి నాగోల్ దాకా ఆరు స్టేషన్లు, సీటు దొరికితే అందులోనే రాస్తాను, లేకపోతే రాత్రి పిల్లలు పడుకున్నాక. ఈ రోజు ఎందుకు అలా అన్నాను? నాకెందుకు కోపం వచ్చింది? రాస్తూ పోతే కారణాలు వస్తూనే ఉన్నాయి. సోమవారం రాసిన దాంట్లో మా నాన్న కారణం, ఆయన ఇంట్లో గట్టిగా మాట్లాడేవారు కాబట్టి. బుధవారం నాటికి నిద్ర చాలకపోవడం కారణం. శుక్రవారం చూస్తే, ఇంట్లో పెద్దపిల్లగా పుట్టడం. మూడూ చదివితే మూడూ నిజమే అనిపిస్తాయి. లెక్కల టీచర్‌ని కదా, ఒకే లెక్కకి మూడు జవాబులొస్తే నాకు చిరాకు.

ఇంకో సంగతి. నేను స్టాఫ్ రూమ్‌లోకి వెళ్తే మాటలు తగ్గిపోతాయి. హిందీ మేడమ్ టిఫిన్ డబ్బా మూత పెట్టేస్తారు. తినడం అయిపోయిందేమో అనుకుందామంటే, లోపల సగం పులిహోర కనిపిస్తూనే ఉంటుంది.

మా అమ్మనడిగితే "నీకు చిన్నప్పటి నుంచీ మాట దురుసు" అంటుంది. మా ఆయన్నడిగితే, క్రికెట్ మీంచి కళ్లు తిప్పకుండా "నువ్వు కరెక్టే, వాళ్లకే కుళ్లు" అంటారు. ఇద్దరిలో ఎవరూ నన్ను స్కూల్లో చూసినవాళ్లు కాదు. ఆదివారం రాత్రి వచ్చేసరికి టెన్షన్, నిద్ర పట్టదు. ఈ డైరీ మొదలుపెట్టాక అది తగ్గకపోగా పెరిగింది.

నిన్ను నువ్వు తెలుసుకో, ఆ తర్వాతే ఎదుగుదల అని అందరూ చెబుతారు. సరే, ఒప్పుకున్నాను. కానీ ఎలా? ఎవరి మాట లెక్కలోకి తీసుకోవాలి? పనికొచ్చేది ఏదైనా చెప్పండి. కొటేషన్లు మాత్రం వద్దు, వాట్సాప్‌లో కావలసినన్ని వస్తున్నాయి.

---

సాగర్‌రోడ్_మౌని:

మేడమ్, వనస్థలిపురం దాటాక నాగార్జునసాగర్ రోడ్డులో విపశ్యన ధ్యాన కేంద్రం ఉంది. పది రోజుల కోర్సు. ఫోన్ వాళ్లకి ఇచ్చేయాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. మొదటి మూడు రోజులు శ్వాసనే గమనించమంటారు, నాలుగో రోజు నుంచి ఒంట్లో కలిగే స్పర్శలు. ఫీజు ఉండదు, కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇచ్చే విరాళాలతోనే నడుస్తుంది. కోపం ముందు ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో నాకు అక్కడే తెలిసింది (నాకైతే దవడ దగ్గర). రాత కంటే ఇది మేలు అని నా అభిప్రాయం. వేసవి సెలవుల్లో చూడండి.

---

కృష్ణానగర్_డబ్బింగ్అక్క:

టీచరమ్మా, పై తమ్ముడు చెప్పింది మంచిదే, కానీ వేసవి దాకా మీరు ఆగలేరని మీ పోస్ట్ చూస్తేనే తెలుస్తోంది.

నేను సీరియళ్లకీ, డబ్బింగ్ సినిమాలకీ గొంతిస్తాను. పొద్దున ఒక అత్తగారికి, మధ్యాహ్నం ఒక లాయరమ్మకి, సాయంత్రం కార్టూన్‌లో ఒక ఉడతకి. నా గొంతు నేనే రోజంతా వినే ఉద్యోగం. అందుకని ఈ విషయంలో నాలుగు ముక్కలు చెప్పే చనువు తీసుకుంటున్నా.

మా దగ్గరికి కొత్తగా వచ్చే పిల్లలు మొదటిసారి తమ రికార్డింగ్ విని అనే మాట ఒకటే, "ఇది నా గొంతేనా?" మొహం అదోలా పెడతారు. మైక్ తేడాగా ఉందేమో అన్నట్టు ఇంజనీర్ వంక చూస్తారు. మైక్ బాగానే ఉంటుంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు మనకి రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి గాలిలోంచి చెవికి, రెండోది పుర్రె ఎముకల గుండా లోపలి చెవికి. ఎముకల దారిన వచ్చేదాంట్లో బరువైన స్వరం ఎక్కువ, అందుకే మన గొంతు మనకి నిండుగా వినిపిస్తుంది. ఎదుటివాళ్లకి గాలి దారి ఒక్కటే దిక్కు. అంటే ఊరంతా ఏళ్ల తరబడి వింటున్న గొంతు, దాని సొంతదారుడికి మాత్రమే కొత్త! ఇందులో వాళ్ల తప్పేమీ లేదు, తల నిర్మాణమే అంత.

ఇక అసలు సంగతి. డబ్బింగ్ థియేటర్‌లో మేం అద్దం ఇవతల, ఇంజనీర్ అవతల. హెడ్‌ఫోన్స్‌లో ఆయన గొంతు వస్తుంది: "మేడమ్, 'వెళ్లొస్తాను'లో 'ను' పడలేదు." నేను అంటాను, "పడింది సార్, చెప్పాను." ఆయన వాదించడు. ప్లే నొక్కుతాడు. "వెళ్లొస్తా..." అని వినిపిస్తుంది, చివర గాలి తప్ప ఏమీ ఉండదు. నోరు అన్నానని చెబుతోంది, రికార్డింగ్ లేదంటోంది. మళ్లీ చెబుతాను, టేక్ ఓకే అవుతుంది, తర్వాతి డైలాగ్‌కి వెళ్లిపోతాం. గొడవ లేదు, ఏడుపు లేదు.

ఎందుకు లేదో చూడండి. ఆయన ఏనాడూ "మీరు నిర్లక్ష్యంగా చెబుతున్నారు" అనలేదు. అని ఉంటే ఇద్దరం ఎప్పుడో కొట్టుకునేవాళ్లం. ఏ డైలాగ్, ఏ అక్షరం, అంతే చెబుతాడు. మీ ప్రిన్సిపాల్ మేడమ్ చెప్పిన దాంట్లో డైలాగూ లేదు, అక్షరమూ లేదు. "మిమ్మల్ని మీరు అబ్జర్వ్ చేసుకోండి" అంటే మనిషికి మిగిలేది టెన్షన్ ఒక్కటే. పెద్దావిడ మంచి ఉద్దేశంతోనే అని ఉండొచ్చు, అయినా నాకు ఆ పద్ధతి నచ్చలేదు. మళ్లీ ఆమె దగ్గరికెళ్లి అడగండి: ఏ రోజు, ఎవరితో, నేను అన్న ఏ మాట? ఒక్కటంటే ఒక్క సందర్భం చెప్పమనండి. చెప్పగలిగితే అది బంగారం. చెప్పలేకపోతే ఆ మాటని అక్కడే వదిలేసి మీ పని మీరు చూసుకోండి.

రెండోది, మీ జేబులోనే థియేటర్ ఉంది. ఎవరి క్లాసైనా చూశాక ఆ టీచర్‌తో కూర్చుని మాట్లాడతారు కదా, ఆ మాటలు ఫోన్‌లో రికార్డ్ చేయండి. చాటుగా వద్దు. "నేనెలా మాట్లాడుతున్నానో నాకు వినాలనుంది, మీకు ఓకేనా" అని అడిగి మరీ చేయండి. మొదటిసారి విన్నప్పుడు గొంతు బాగాలేదన్న బాధ తప్ప ఇంకేమీ తలకెక్కదు, అది అందరికీ మామూలే. రెండోసారి వినండి. ఎవరు ఎంతసేపు మాట్లాడారు? ఆవిడ వాక్యం పూర్తయ్యాకే మీరు అందుకున్నారా, మధ్యలోనా? ఆవిడ చెప్పడం అయ్యాక మీ నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటి? ఈ మూడు వింటే చాలు. మీ నాన్నగారిని ఇందులోకి లాగక్కర్లేదు.

---

హబ్సిగూడ_రిటైర్డ్‌లెక్చరర్:

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను. డబ్బింగ్ చేసే అమ్మాయి అనుభవంతో చెప్పినదాన్ని మా సబ్జెక్టు వాళ్లు వేరే దారిలో చాలాకాలంగా తవ్వుతున్నారు.

మీ డైరీలో ఒకే కోపానికి మూడు కారణాలు దొరకడం మీ లోపం కాదు. 1977లో రిచర్డ్ నిస్బెట్, తిమోతీ విల్సన్ అనే ఇద్దరు ఒక వ్యాసం ప్రచురించారు. అందులోని ఒక ప్రయోగంలో కొనుగోలుదారుల ముందు నాలుగు జతల నైలాన్ మేజోళ్లు వరసగా పెట్టి, ఏది నాణ్యమైనదో చెప్పమన్నారు. నాలుగూ అచ్చంగా ఒకటే. జనం ఎక్కువగా కుడివైపు చివర ఉన్నదాన్నే ఎంచుకున్నారు. ఎందుకని అడిగితే నేత బాగుందనో, పనితనం బాగుందనో చెప్పారు. పెట్టిన చోటు వల్ల అని తమంతట తాము ఒక్కరూ చెప్పలేదు. అది కారణం కావచ్చా అని అడిగితే దాదాపు అందరూ కాదన్నారు. వాళ్లు అబద్ధమాడలేదు. మనసు "ఎందుకు" అన్న ప్రశ్నకి అతికినట్టుండే జవాబు చటుక్కున అల్లి ఇస్తుంది, మనం అది లోపల కనిపించిందనుకుంటాం. సుల్తాన్ బజార్‌లో చీర ఎంచుకుని మా ఆవిడ చెప్పే కారణాల మీద కూడా నాకు అప్పటి నుంచి అనుమానమే, పైకి మాత్రం అనలేదు.

కాబట్టి "ఎందుకు" అని రాయడం కొన్నాళ్లు ఆపండి. జరిగిన ఒక్క ఘటన తీసుకుని ఎవరేమన్నారు, నేనేమన్నాను, అప్పుడు ఒంట్లో ఏమైంది, తర్వాత ఏం చేశాను, ఇవి మాత్రం రాయండి. జేమ్స్ పెన్నీబేకర్ అనే ఆయన 1980లలో రాత మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. మనసుని కలచిన విషయం గురించి రాయడం మేలు చేస్తుందని చెప్పినవాళ్లలో ఆయనే ముఖ్యుడు. ఆ ప్రయోగాల్లో కూడా రాయించింది రోజుకి 15, 20 నిమిషాలు, అదీ మూడు నాలుగు రోజులే. ఒకే బాధని నెలల తరబడి తిరగేసుకుంటూ కూర్చుంటే దిగులు పెరుగుతుందని సూజన్ నోలెన్-హోక్సెమా చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. మీ ఆదివారం రాత్రులకి ఆ లావుపాటి డైరీకి సంబంధం ఉందని నా అనుమానం.

ఎవరి మాట తీసుకోవాలన్నారు. సిమీన్ వజీర్ 2010లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ఆందోళన, బెరుకు లాంటి లోపలి సంగతులు మనకే బాగా తెలుస్తాయట. తెలివి, సృజన లాంటివి, అంటే మంచీ చెడూ అంటగట్టే గుణాలు, మన కంటే మన స్నేహితులే బాగా అంచనా వేస్తారట. మనకి మన మీద ఉన్న అభిమానం అక్కడ అడ్డొస్తుంది. ఈ లెక్కన మీ టెన్షన్ ఎంతో మీరే చెప్పాలి. మీటింగ్‌లో మీరెలా ఉంటారో చెప్పాల్సింది ఆ మీటింగ్‌లో కూర్చున్నవాళ్లు. మీ అమ్మగారినీ మీవారినీ ఇందులోంచి మినహాయించవచ్చు.

మీరు టీచర్ కాబట్టి ఇంకొకటి. మేరీ బడ్ రో అనే అమెరికన్ విద్యావేత్త క్లాసు రికార్డింగులు వింటూ టైమ్ కొలిచారు. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను కూడా ఆగడం లేదు. దాన్ని మూడు సెకన్లకి పెంచగానే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకు నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. సెకనులోపే తిరిగి అందుకుంటున్నామని ఆ టీచర్లకి లోపల్లోపల ఎంత వెతుక్కున్నా తెలిసేది కాదు, టేపు విన్నప్పుడే తెలుస్తుంది. మీ రికార్డింగ్ విన్నప్పుడు ఈ సెకన్లు కూడా చూసుకోండి.

నిద్ర పట్టకపోవడం వారాల తరబడి సాగితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

---

బండ్లగూడ_సార్:

పెద్దలు చాలా చెప్పారు. నాది వేరే కోణం, కొంచెం ఘాటుగా ఉంటే ఏమీ అనుకోకండి. నేను కూడా ఆ కోఆర్డినేటర్ కుర్చీలో కూర్చుని, దణ్ణం పెట్టి దిగిపోయినవాణ్నే.

హిందీ మేడమ్ డబ్బా మూత మీ మొహం చూసి పెట్టలేదు. మీ చేతిలో కాగితం చూసి పెట్టింది. మీరు స్టాఫ్ రూమ్‌కి ఎప్పుడొస్తారు? ఎవరో సెలవు పెట్టినప్పుడు, సబ్‌స్టిట్యూషన్ షీట్ పట్టుకుని. ఫ్రీ పీరియడ్ అంటే టీచర్‌కి ప్రాణం మేడమ్. అందులోనే కరెక్షన్, అందులోనే నాలుగు ముద్దలు, అందులోనే బాత్రూమ్. ఆ షీట్‌తో ఎవరొచ్చినా గది గప్‌చుప్ అయిపోతుంది. మీకంటే ముందు ఆ పని చేసినావిడ లోపలికొస్తే మీరేం చేసేవారో గుర్తు తెచ్చుకోండి. మీరూ పుస్తకంలో తల దూర్చేవారు, అవునా?

మనలో ఉన్నది ఏది, కుర్చీలో ఉన్నది ఏది, ఈ రెండూ విడదీయకుండా ఆత్మపరిశీలన అని కూర్చుంటే యాజమాన్యం చేసిన పాపం కూడా మన ఖాతాలో పడుతుంది. ఓ రెండు వారాలు షీట్ లేకుండా, మీ డబ్బా పట్టుకుని లంచ్‌కి వెళ్లి కూర్చోండి. అప్పుడూ మాటలు ఆగితే మీ గురించి ఆలోచించండి. ఆగకపోతే ఆ కాగితం గురించి ఆలోచించండి. రిజిస్టర్ తీసి జూన్ నుంచి ఎవరి ఫ్రీ పీరియడ్లు ఎన్ని పోయాయో లెక్కపెట్టండి, అది మీకు వెన్నతో పెట్టిన విద్య.

ఇంకో మాట. అదే మాట అదే గొంతుతో నేనంటే "సార్ స్ట్రిక్ట్" అన్నారు. నా తర్వాత వచ్చిన మేడమ్ అంటే "నోరెక్కువ" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ల అభిప్రాయం అద్దం కాదు, అందులో వాళ్ల అలవాట్లూ కలిసే ఉంటాయి. లెక్చరర్‌గారు చెప్పిన అధ్యయనంలో ఇది కూడా ఉందో లేదో గానీ స్టాఫ్ రూముల్లో మాత్రం ఉంది.

---

మెట్టుగూడ_లెక్కలటీచర్:

అందరికీ చాలా థాంక్స్. ఇంత శ్రద్ధగా రాస్తారనుకోలేదు.

బండ్లగూడ సార్, రిజిస్టర్ తీశాను. హిందీ మేడమ్, డ్రాయింగ్ సార్ పేర్లే పేజీ పేజీకీ ఉన్నాయి. దానికి కారణం, పదో తరగతికి చెప్పే లెక్కలు, సైన్స్ వాళ్ల ఫ్రీ పీరియడ్లు ముట్టుకోవద్దని పైనుంచే చెప్పారు. ఆ సంగతి స్టాఫ్ రూమ్‌లో ఎవరికైనా తెలుసో లేదో నాకు డౌటే. వాళ్ల దృష్టిలో ఆ పేర్లు నేను రాస్తున్నవి. ఈసారి మీటింగ్‌లో ఆ రూల్ గురించి అందరి ముందే ప్రిన్సిపాల్ మేడమ్‌ని అడగాలనుకుంటున్నా.

అక్కా, మీరు చెప్పినట్టే మేడమ్‌ని ఒక్క సందర్భం చెప్పమన్నాను. కొంచెం ఆలోచించి చెప్పారు. ఆగస్టులో సైన్స్ టీచర్ క్లాస్ చూశాక మేం మాట్లాడుకుంటుంటే ఆమె కూడా అక్కడే ఉన్నారు. సైన్స్ టీచర్ ఏదో చెప్పబోయినప్పుడల్లా నేను "అది కాదు మేడమ్" అని మొదలుపెట్టానట. నాకు గుర్తున్నంతవరకు అక్కడ "అది కాదు" అనే అనాలి, బోర్డు మీద వేసిన సర్క్యూట్ బొమ్మే తప్పు. అయినా ఆ మాట నేను రోజుకి ఎన్నిసార్లు వాడతానో నాకు నిజంగా తెలీదు. మా ఇంట్లో పిల్లల్ని అడిగితే ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని నవ్వారు.

డైరీ విషయంలో లెక్చరర్‌గారు చెప్పిన పద్ధతే మొదలుపెట్టాను. పేజీ నిండట్లేదు, నాలుగు వాక్యాలకే అయిపోతోంది. డాక్టర్ సంగతి కూడా గుర్తుపెట్టుకుంటాను సార్.

రికార్డింగ్ గురించి ఒక్క డౌట్. సైన్స్ మేడమ్ సరేనన్నారు. కానీ ఫోన్ టేబుల్ మీద ఉందని తెలిస్తే ఆవిడా జాగ్రత్తగా మాట్లాడుతుంది, నేనూ నోరు అదుపులో పెట్టుకుంటాను. అది నిజమైన నేను ఎలా అవుతుంది?

---

కృష్ణానగర్_డబ్బింగ్అక్క:

జాగ్రత్తపడండి, ఏం పర్లేదు. మైక్ ముందు మనిషి ఒళ్లు దగ్గర పెట్టుకునేది మహా అయితే పది నిమిషాలు. తర్వాత విషయం వేడెక్కుతుంది, ఫోన్ మర్చిపోతారు. మా దగ్గర పెద్ద పెద్ద ఆర్టిస్టులు కూడా అంతే. అందుకని మొదటి పది నిమిషాలు వదిలేసి అక్కడి నుంచి వినండి. మాట్లాడే విషయం మాత్రం ఇద్దరికీ అభిప్రాయం కలవనిది పెట్టుకోండి. వాతావరణం గురించి మాట్లాడుకుంటే మీ "అది కాదు" బయటికి రాదు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, స్పీకర్‌లో పెడితే మీవారి కామెంటరీ మొదలవుతుంది. "అది కాదు" వచ్చిన ప్రతిచోటా కాగితం మీద టైమ్ రాసుకోండి. దాని ముందు ఆ టీచర్ ఏమన్నదో కూడా ఒక ముక్క రాయండి. సర్క్యూట్ బొమ్మ లాంటి చోట ఆ మాట ఉండాల్సిందే, దాన్ని కొట్టేయకండి. ఆవిడ సరైనదే చెబుతున్నా మీ నోట ఆ మాటే వచ్చిన చోట్లు ఏమైనా ఉంటే వాటి కింద గీత గీయండి.

విన్నాక ఫైల్ డిలీట్ చేస్తానని సైన్స్ మేడమ్‌కి ముందే మాటివ్వండి, ఆవిడ ఎదురుగానే చేసేయండి.